విరహమా, క్రియాటినినా

టెక్కలి జూనియర్ కాలేజీలో పద్నాలుగేళ్లుగా తెలుగు చెబుతున్నాను. ప్రతి ఏడూ విరహ పద్యాల దగ్గరికి రాగానే నాకు చిరాకు పుట్టుకొస్తుంది. చంద్రుడు నిప్పులు కురిపిస్తాడట, ఒంటికి పూసిన చందనం పొడై రాలిపోతుందట, చేతికి గాజులు నిలవవట! "కవులకు పనేముంది? అలంకారం పేరు రాయండి, మార్కులొస్తాయి" అనేసి పేజీ తిప్పేదాన్ని.

పోయినేడు దసరా దాటాక అమ్మ ఫోన్ చేసింది. అమ్మ, చెల్లి అక్కుపల్లి పక్కన మా ఊళ్లోనే ఉంటారు. చెల్లి పలాసలో జీడి ఫ్యాక్టరీకి వెళ్లి పప్పు ఏరుతుంది.

"నీ సెల్లి గుంట తినట్నేదే. నిద్ర నేదు. ఒళ్లు కాల్తందంతాది, పట్టి సూత్తే జొరం నేదు. గాజులు జారిపోతన్నాయి. నాకు బయమేత్తంది, బేగి రా."

ఇంకో చోటైతే దిష్టి తగిలిందనుకుంటారు. ఇంటింటా కిడ్నీ రోగమున్న మా ఉద్దానంలో తిండి సయించట్లేదంటే కిడ్నీయే గుర్తొస్తుంది. నాన్నకూ అలాగే మొదలైంది. మూడేళ్లు డయాలసిస్‌కి తిప్పాం, దక్కలేదు. అక్షరం రాని మా అమ్మకు, రక్తపరీక్షలో కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ అనే మాట నోరు తిరుగుతుంది.

వెళ్లేసరికి చెల్లి అరుగు మీద కూర్చునుంది. గాజులు జారకుండా మణికట్టుకు దారం చుట్టుకుంది. నేను దాని మొహమైనా చూడలేదు. తిన్నగా పాదాలు పట్టుకుని బొటనవేలితో నొక్కాను, నీరు పట్టి సొట్ట పడుతుందేమోనని. పడలేదు. అయినా పరీక్ష చేయించాల్సిందే అన్నాను.

మర్నాడు పొద్దున్నే పలాస ల్యాబ్‌లో రక్తం ఇచ్చాం. రిపోర్టు మధ్యాహ్నానికన్నారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బెంచీ మీద కూర్చుంది. నాకు భయమేస్తే కోపం వస్తుంది. "నీళ్లు తాగమంటే విన్నావా? చెప్పిన మాట వింటే నీ సొమ్మేం పోయింది?" అని చెల్లి మీద విరుచుకుపడ్డాను.

కాగితం చేతికొచ్చింది. రెండుసార్లు చదివాను. నమ్మకం చాలక ల్యాబ్ అతన్ని అడిగాను.

"నార్మలే మేడమ్. అన్నీ బాగున్నాయి."

అమ్మ నలుగురిలోనూ గొల్లుమంది. నేనూ అక్కడే కూలబడ్డాను. అమ్మో, బతికాం! అమ్మ ఏడుపు చూసి చెల్లి బెదిరిపోయింది.

"ఊరుకోయే అమ్మా, నాకు రోగం నేదు" అంటూ ఉన్నదంతా కక్కేసింది. భావనపాడు అబ్బాయట. గుజరాత్ బోట్లలో చేపల వేటకు వెళ్లాడట. సముద్రం మీదికి పోతే ఇరవై రోజులు ఫోన్ కలవదట. నా వైపు తిరిగి, "ఎన్నెల సూత్తే ఒళ్లు మండిపోతందే అప్పా. కిటికీ మూసేసుకుంతన్నాను."

నేను సిగ్గుతో చచ్చాను. పద్నాలుగేళ్లు ఆ పద్యాలే చెప్పి, ఇంట్లో మనిషి కళ్లెదుట అదే బాధ పడుతుంటే పాదాలు నొక్కి చూశాను!

ఇక చీపురు తిరగేస్తుందనుకుని అమ్మ వైపు చూశాను. వేరే రోజైతే తిరగేసేదే. అమ్మ మొహం తుడుచుకుంది.

"ఆడు కిడ్నీ టెస్టు సేయించుకున్నాడేటే?"

"సేయించుకున్నాడమ్మా. ఎల్లే రోజు నాకు పంపినాడు."

"సూపించు. కులం ఏటో తర్వాత సెబుదువు."

చెల్లి ఫోన్ తీసింది. దాని దగ్గర ఆ అబ్బాయి ఫొటో ఒక్కటీ లేదు, రిపోర్టు మాత్రం ఉంది. అమ్మ ఆ ఫోన్‌ని రెండు చేతులతో అందుకుని, తనకు చదవడం రాదు కదా, నాకిచ్చింది.

"సదువు."

చదివాను. బాగానే ఉందని తలూపాను.

"అయితే రమ్మను" అంది అమ్మ.