కొండ నడుం కనపడే చోటు

మా ఊరి సర్పంచి చనిపోయింది. సముద్రంలో చేపల వేట నిషేధం నడుస్తుండగా, ఒక మధ్యాహ్నం, విజయనగరం ఆసుపత్రిలో. గుండె. ఆమె నా భార్య. ఊళ్లో చాలామందికి ముందు సర్పంచి, ఆ తర్వాతే నా భార్య. అందుకే ఆ వరసలో చెబుతున్నాను.

మాది భోగాపురం దాటాక సముద్రపొడ్డున, చేపల మీద బతికే ఊరు. ఆమెను ఇంటికి తీసుకురాకముందే ఫోన్లు మొదలయ్యాయి. పలకరించినవాళ్లంతా చివర్లో ఒకటే అడిగారు. "మరా ఒప్పందం ఏటవుతాది?" నాకు కోపం రాలేదు. అంబులెన్సులో ఆమె పక్కన కూర్చుని నేనూ అదే అనుకుంటున్నాను.

ఆ ఒప్పందం గురించి చెప్పాలి. మా ఊళ్లో రెండు రకాల వేట ఉంది. తెప్పల మీద చిన్న వలలు వేసేవాళ్లు, పెద్ద బోట్లతో రింగు వలలు వేసేవాళ్లు. రింగు వల చేపల గుంపును చుట్టూ మూసి ఒక్కసారిగా లాగేస్తుంది. అది ఒడ్డుకు దగ్గరగా వేస్తే తెప్పలవాళ్లకు ఏమీ మిగలదు. నిరుడు ఇసుకలో ఆరబెట్టిన రింగు వలను ఎవరో తగలబెట్టారు. తెప్పల వైపు కుర్రాడికి తల పగిలింది. ఆఫీసర్లు వచ్చి రింగు వల ఒడ్డుకు ఇన్ని కిలోమీటర్ల అవతలే వేయాలని చెప్పి వెళ్లారు. నీళ్ల మీద కిలోమీటరు ఎవరికి కనిపిస్తుంది?

ఆమె రెండు వైపుల నుంచీ చెరొక పెద్దమనిషిని ఒకే తెప్పలో సముద్రం మీదికి పంపింది. ఒడ్డు నుంచి దూరం పోయేకొద్దీ తాటితోపు వెనకున్న కొండ పైకి లేస్తుంది. ముందు తల, తర్వాత భుజాలు, తర్వాత నడుం. ఎక్కడ కొండ నడుం కనపడితే ఇద్దరికీ సమ్మతమో చూసి రమ్మంది. వాళ్లు ఎండకు మాడి తిరిగొచ్చారు.

"ఏటి మాటాడుకున్నారు?" అని అడిగింది.

"మాటలేటి వదినా, తిట్టుకున్నాం," అన్నాడు రింగు బోట్ల పెద్ద.

"పోన్లే. తిట్లయిపోతే ఇంక బేరమే కదా."

కొండ నడుం కనపడే దాకా రింగు వల దించకూడదు. మళ్లీ నిషేధం వచ్చి ముగిసే దాకా, ఒక్క ఏడాదికి మాట. కాగితం లేదు.

ఆ సాయంత్రం తెప్పలవాళ్లు టపాకాయలు కాల్చారు. ఆమె అటు వెళ్లలేదు. రింగు బోట్ల పెద్ద ఇంటికి వెళ్లి, అడగకుండానే అరుగు మీద కూర్చుని, అన్నం పెట్టమంది. అతని భార్య కంచం విసురుగా పెట్టింది. ఈమె మారు కూడా వడ్డించుకుని తింది. ఇంటికొచ్చాక నాతో అంది: "గెలిసినోడికి మనతో పన్నేదు మావా. ఓడినోడు తలుపేసుకుంటాడు. ఆ తలుపు కాడికి మనవే ఎల్లాల."

ఆమె పదో తరగతి. నేను డిగ్రీ చదివి ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాసినవాణ్ణి. ఆమె గెలిచిన కొత్తలో మండలాఫీసులో అందరూ నన్నే "సర్పంచి గారూ" అని పిలిచేవారు. మొదటి మీటింగులో నాకు కుర్చీ వేశారు. "ఆయనకి కుర్సీ ఎయ్యకండి బాబూ," అంది, "ఏత్తే కూకుండిపోతాడు." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత ఎప్పుడూ బయట టీ బడ్డీ దగ్గరే ఉండేవాణ్ణి. లోపల ఏం జరిగిందో ఇంటికొచ్చాక కూడా చెప్పేది కాదు. "నీకు సెప్తే నీ మొకం మీద అందరూ సదివీసుకుంటారు," అనేది.

ఆఫీసర్ల మీద జనం ముందు ఎప్పుడూ గొంతు లేపలేదు. కుళాయి నీళ్ల కోసం ఆడవాళ్లు ఒక ఇంజినీరును చుట్టుముడితే అతన్ని పక్కకు తీసుకెళ్లి మాట్లాడింది. మెత్తబడిపోయావని ఒకావిడ ఎత్తిపొడిచింది. "పదిమందిలో తగ్గమంటే ఎవుడు తగ్గుతాడే? ఆ మనిసికి ఎనక్కి రాడానికి కూసింత దారొగ్గాల," అని జవాబు. నీళ్లు వచ్చాయి. వారానికి రెండు రోజులే. అదే చాలని ఆమె అనలేదు. మళ్లీ వెళ్లింది.

ఆమెకు కోపం రాదనుకోకండి. కూరలో ఉప్పు చాల్లేదని నా మీద తీర్చుకునేది. కూర వండింది తనే.

పెద్దకర్మ అయిన మర్నాడు రింగు బోట్ల పెద్ద వచ్చాడు. నన్ను అన్నా అంటాడు. "అన్నా, డీజిలు కరుసు పేణం తీసెత్తన్నాది. ఈ ఏడు కొండ భుజాల దాకా రానిత్తానని వదిన నాతో అన్నాది. నీకూ సెప్పే ఉంటాది. ఒక్కసారి నువ్వనీ, సాలు." ఆ సాయంత్రమే తెప్పల పెద్ద వచ్చాడు. తల పగిలినవాడు అతని మనవడు. "అల్లుడూ, అది నా కూతురు లాటిది. నడుం కాణ్ణించి కదపనని మాటిచ్చినాది. నువ్వొక్క మాట సెప్పీ, ఆళ్లు నోరు మూత్తారు."

ఇద్దరికీ కావలసింది నా మాట కాదు, నా నోట్లోంచి ఆమె మాట. నిషేధం ముగియడానికి ఎన్నో రోజులు లేవు. ఎటో ఒకవైపు చెప్పేస్తే మొదటి రోజు నెత్తురు పడకుండా ఆగుతుందేమో. అబద్ధమని ఎవరికీ తెలియదు. అలా చెప్పడానికి నేను దాదాపు సిద్ధపడ్డాను. కానీ ఆసుపత్రికి వెళ్లే ముందు వారం ఆమె అన్న మాట ఒకటి ఉంది. "నానున్నంత సేపే నిలబడితే అది ఒప్పందం కాదు మావా. నా మొకం సూసి ఊరుకున్నారంతే."

ఇద్దర్నీ ఒకేసారి పిలిచి మా అరుగు మీద కూర్చోబెట్టాను. టీ ఇచ్చాను. "ఆమె నాకేమీ చెప్పలేదు. మీతో ఏం చెప్పిందో ఒకరి ముందు ఒకరు చెప్పండి," అన్నాను.

ఇద్దరూ టీ ఊదుకుంటూ తాగారు. చివరికి రింగు బోట్ల పెద్ద గ్లాసు కిందపెట్టాడు. "ఆలోసిత్తానన్నాది."

తెప్పల పెద్ద అతని వైపు చూశాడు. "నాతోనూ అదే అన్నాది."

ఇద్దరికీ నవ్వు రాబోయింది. రాలేదు. "మరేటి సేద్దుం?" అన్నాడు ఒకాయన. "సూద్దుం," అన్నాడు రెండో ఆయన. అంతే. చేతులు కలపలేదు. ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. నేను చేసింది మంచో చెడో తెలియక అరుగు మీదే కూర్చున్నాను. ఆమె ఉంటే ఆ పూట ఎవరి ఇంటికి అన్నానికి వెళ్లేదో నాకు అర్థం కాలేదు. ఇద్దరూ ఓడిపోయినట్టే కనిపించారు.

ఈ రోజు నిషేధం ముగిసింది. తెల్లవారుతూనే ఒడ్డుకొచ్చాను. ఆడవాళ్లు ఖాళీ గంపలు పక్కన పెట్టుకుని నిలబడి ఉన్నారు. ముందు తెప్పలు వెళ్లాయి. వెనకాలే రింగు బోట్లు బయల్దేరి వాటి మధ్యలోంచి దూసుకుపోయాయి. ఒక తెప్ప మీద ఎవరో చెయ్యెత్తారు. పలకరింపో హెచ్చరికో ఒడ్డుకు తెలియదు. ఒడ్డున నిలబడ్డవాడికి తాటితోపే అడ్డం, కొండ తల కూడా కనపడదు. ఎక్కడ ఆగాలో పడవల్లో ఉన్నవాళ్లే చూసుకోవాలి.

ఇప్పుడు అన్నీ నల్లటి చుక్కలు. ఏది తెప్పో ఏది బోటో నా కళ్లకు ఆనడం లేదు. రింగు బోట్ల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. వల దించేటప్పుడు ఇంజన్ నెమ్మదిస్తుంది. దాని కోసం చెవి రిక్కించి నిలబడ్డాను. చప్పుడు సన్నబడుతోంది. ఇంకా సన్నబడుతోంది. ఇంకా నెమ్మదించలేదు.