కృత్తిక నాటి సాంబారు

గుడియాత్తంలోని ఆ సర్కారు బడిలో మునిరత్నమ్మ నోటికి జడవని పిల్లలు లేరు. మధ్యాహ్న భోజనం దగ్గర ఆమె సహాయకురాలు. కూరగాయలు తరగాలి, అంట్లు తోమాలి. పళ్లెంలో మెతుకు వదిలినవాళ్లను తిట్టే పని మాత్రం ఎవరూ అప్పగించలేదు, తనే నెత్తికెత్తుకుంది. భర్త పోయాక దొరికిన ఉద్యోగమది. ఎప్పటికైనా వంటమనిషి కావాలని మురుగనికి మొక్కుకుంది. నెలనెలా ఆయనకు ఉపవాసముండే కృత్తిక వచ్చిందంటే పొద్దుగూకేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టేది కాదు.

వడ్డనకు ముందు వండినవాళ్లు రుచి చూడాలని అక్కడ నియమం. ఒక కృత్తిక నాడు వంటమనిషి సుగంతికి జలుబు చేసి ఏ రుచీ తెలియలేదు.

"అక్కా, సాంబారు నువ్వు చూసినావా?"

"చూసినాను. బాగుండాది."

ఉపవాసం చెడుతుందని, చూడకుండానే అనేసింది మునిరత్నమ్మ.

పప్పు చెడిపోయి సాంబారు చేదెక్కింది. పెద్ద పిల్లలు పారబోశారు. ఒకటో తరగతి సింధుజ మాత్రం ఊడ్చుకుని తిని, వాంతులతో ఆసుపత్రి పాలైంది. చూడటానికి వెళ్లిన మునిరత్నమ్మతో, "చేదుగా ఉన్నిందవ్వా. వదిలితే తిడతావని తినేసినా," అంది. పిల్ల తేరుకుంది గానీ ఆ మాట మునిరత్నమ్మను నిద్రపోనివ్వలేదు. తన గొంతు వింటే తనకే రోత పుట్టింది.

విచారణ అయ్యాక బడి భోజనాలు చూసుకునే ఆర్గనైజర్ రంగనాథన్ వచ్చి, "సుగంతిని తీసేసినారమ్మా. ఇంక వంట నీదే," అన్నాడు. మొక్కుకున్న కోరిక ఇలా తీరినందుకు మునిరత్నమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. నేరుగా సుగంతి ఇంటికి నడిచింది.

"ఆ పొద్దు నేను రుచి చూడలేదే సుగంతీ. నీకు అబద్ధం చెప్పినాను."

"తెలుసక్కా. కృత్తిక నాడు నువ్వు నీళ్లు కూడా తాగవని నాకు తెలీదా? తెలిసే వడ్డించినాను. తప్పు నాది కూడా."

"మరి విచారణలో నా పేరెందుకు చెప్పలేదు?"

"నాకు మొగుడుండాడు, సంపాదిస్తాడు. నీకెవురుండారక్కా?"

మునిరత్నమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. తెల్లవారి బడి తెరవకముందే రంగనాథన్ ఎదుట నిలబడి జరిగిందంతా చెప్పింది.

"ఇది పైకి పోతే నీ పని కూడా పోతాదమ్మా. ఊరకుండు," అన్నాడాయన.

"ఉండలేను సార్. రాసుకోండి."