వేట వెస్టులో కునుకు

అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఉద్యోగం చేస్తున్న రోజులవి. టర్కీ కోళ్ల వేటకు రమ్మని కొలీగ్ రమణ పిలిచాడు. షాపులో వేటకు వేసుకునే చేతుల్లేని జాకెట్లు, అదే వెస్టులు, అన్నీ తొడిగి చూసి, ఒంటిమీద ఉన్నట్టే తెలియనంత తేలికైనది కొన్నాను. కూర్చోవడానికి దానికే మెత్తటి దిండు కూడా ఉంది.

అడవిలో చెట్టుకు ఆనుకుని కూర్చోగానే హాయిగా నిద్ర పట్టేసింది. ఏదో అలికిడై కళ్లు తెరిస్తే, నా మోకాళ్ల దగ్గరే పెద్ద టర్కీ పుంజు! “అమ్మో!” అని కేకపెట్టి, తుపాకీ అక్కడే వదిలేసి పరుగెత్తాను. పుంజు ఇంకోవైపు ఎగిరిపోయింది.

అవతలి చెట్టు కింద ఉన్న రమణ తల పట్టుకున్నాడు. “నువ్వు అడ్డం ఉన్నావని, అది పక్కకు జరిగేదాకా షూట్ చేయకుండా ఆగాను. ఇంకొక్క నిమిషం పడుకోలేకపోయావా?”

ఆకుల రంగు వెస్ట్ తన పని చక్కగానే చేసింది. లోపల మనిషున్నాడని పుంజుకి చెప్పింది నేనే.