మూడో గుంత దాకా క్లారినెట్

మా మామ బుక్కరాయసముద్రంలో బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. నేను ఇంటర్ చదువుతున్న ఏడాది ఆయన పనికి గండం వచ్చింది. పెళ్లివాళ్లు కొత్త పాటలు అడుగుతున్నారు. మామ దగ్గరున్నవి ఆయన పెళ్లినాటివి. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించే కుర్రవాణ్ణి ఒకణ్ణి మేళం యజమాని చూసిపెట్టుకున్నాడు.

"వచ్చే పెళ్లిలో ఇద్దరూ వాయించండప్పా. జనం ఎవురి పాటకు ఎగిరితే వాళ్లుంటారు" అన్నాడట.

మామ మా ఇంటికొచ్చి మంచం మీద వాలి, "ఇంక నా బతుకు అయిపోయినట్లే అల్లుడా" అన్నాడు. నేనప్పుడు టీవీకి వీడియో గేమ్ తగిలించి ఆడుతున్నాను. బతుకు అయిపోవడంలో నాకు అప్పటికే చాలా అనుభవం ఉంది. నా బొమ్మ ప్రతిసారీ మూడో గుంతలో పడి చచ్చేది.

ఆటలోంచి వచ్చే సంగీతం చెవిన పడి మామ లేచి కూర్చున్నాడు. "ఏం పాటరా అది? ఎవురూ వాయించగా విన్లేదే!"

మరుసటి రోజు నుంచి కరెంటున్నంతసేపు నేను ఆడేవాణ్ణి, ఆయన పక్కన కూర్చుని పాట పట్టేవాడు. ఆటకు మూడు లైఫులు, అంటే పాఠం మూడుసార్లు. గెంతుతూ పోయే పాట మూడో గుంత దగ్గర ఠక్కున ఆగేది. ఆ తర్వాత చెంబు మెట్ల మీద నుంచి దొర్లినట్లు స్వరాలు కిందికి దిగేవి. అది బొమ్మ చచ్చినప్పుడు వచ్చే సంగీతం. మామ దాన్ని పాటకు ముగింపు అనుకున్నాడు.

"ముగింపు మాత్రం అదిరిందిరా" అని దాన్ని విడిగా సాధన చేశాడు. చెబుదామనుకున్నాను. అంతలో నీళ్ల ట్యాంకర్ వచ్చింది. బిందె తీసుకుని పరుగెత్తాను. తర్వాత మరిచిపోయాను.

పెళ్లి ఊరేగింపులో ముందు కుర్రవాడు అందుకున్నాడు. అదే పాట. వాడి ఇంట్లోనూ అదే గేమ్ ఉందట. పైగా వాడు బాగా ఆడతాడు. గుంతలన్నీ దాటి పాట చివరిదాకా వెళ్లాడు. తప్పన్నది లేదు. కానీ స్వరం సాగదీసిన చోటల్లా చర్చిలో కానుకలు పట్టే వేళ గుర్తొచ్చింది. జనం మర్యాదగా విన్నారు. ఒకాయన చెప్పులు కూడా విప్పాడు.

"వానిది శానా పొడుగుండాదే" అన్నాడు మామ.

"ఈ ఎండలో పొట్టిదే మేలు మామా, కొట్టు" అన్నాను.

కొట్టాడు. టీవీలో ఆ పాట కీచుమనే ఈలలా ఉండేది. క్లారినెట్‌లోకి వచ్చేసరికి దానికి గమకాలు మొలిచాయి. బొమ్మ పంచె ఎత్తి పట్టుకుని గుంతలు దూకుతున్నట్లుంది. పిల్లలు ఎగిరారు, పిల్లల్ని చూసి పెద్దలు ఎగిరారు. పెళ్లికొడుకు జీపు దిగి నేల మీద కాలు పెట్టాడు. సరిగ్గా అప్పుడే మామ ముగింపు వాయించాడు.

"సచ్చినాడ్రోయ్!" అని పిల్లలందరూ ఒక్క గొంతుతో అరిచారు.

మేళం ఆగిపోయింది. "ఎవురప్పా సచ్చింది?" అని పెళ్లికొడుకు తండ్రి వెనక్కి తిరిగాడు. మామ క్లారినెట్ వెనక దాక్కోవాలని చూశాడు గానీ, అది మరీ సన్నం.

పెళ్లికొడుకు నవ్వు ఆపుకోలేక జీపును పట్టుకున్నాడు. "ఏం కాలేదులే నాయనా, ఇంకా రెండు లైఫులుండాయి. మళ్లా కొట్టన్నా!"

పెళ్లికొడుకు మండపం చేరేలోపు ఐదుసార్లు చచ్చాడు. ఆ వారంలోనే ఇంకో పెళ్లివాళ్లు వచ్చి, "ఆ సచ్చే పాట ఉండాల" అని షరతు పెట్టారు. యజమాని మామను ఉంచుకున్నాడు. కుర్రవాణ్ణీ చేర్చుకున్నాడు, మామ వెనక శ్రుతి పట్టడానికి.

కొన్నేళ్లకు అనంతపురంలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో ఆ పాటే దొరికింది. విదేశాల్లో పెద్ద వాద్యబృందం, సూట్లు వేసుకుని, వరుసల కొద్దీ వయొలిన్లతో వాయించింది. మామను పిలుచుకుపోయి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టాను. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంతమంది ఉండారు కదప్పా, ఒక్కనికీ ముగింపు తెలీదే" అన్నాడు.