సూర్యలంక మైదానానికి కప్పని శాలువా

ఈ ఉదయం తెనాలిలో మా వీధి చివరి స్కూల్లో గడ్డి కోస్తున్నారు. ఆ పచ్చివాసన, మిషను పెట్రోలు వాసన కలిసి ముక్కుకి తగిలేసరికి జయరావు గారు గుర్తొచ్చారు.

అప్పట్లో నేనొక గోల్ఫ్ పత్రికలో పనిచేసేవాణ్ణి. ఏటా గొప్ప మైదానాల జాబితా వేసి, మొదటిదానికి సభ పెట్టి సన్మానం చేసేవాళ్లం. ఎంపిక సంఘానికి జయరావు గారు పెద్ద. రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్లో వరి పండించే ఇంట్లో పుట్టిన మనిషి. ఏ మైదానానికి వెళ్లినా చెప్పులు విడిచి, మడమతో నేలని నొక్కేవారు. ఆ గుంటలో నీరు ఊరిందంటే మార్కులు తెగ్గోసేవారు. "పైపచ్చ చూసి మురిసిపోకురా. నేల నీళ్లు తాగుతోందో లేదో మడమనడుగు" అనేవారు.

కోతలు కొయ్యడంలో నాకు తెనాలంతా పేరుంది. ఆ ఏడు సూర్యలంక దగ్గర కొత్త మైదానం చూసి రమ్మని నన్ను పంపారు. బంతి వేసే పద్దెనిమిది హోల్సూ నడవాలి. రెండు నడిచి, సముద్రం ఒడ్డున చేపల పులుసు తిని, సరుగుడు నీడన పడుకుని మిగతా పదహారూ కలలో నడిచాను. తొమ్మిదో హోల్ దగ్గర సముద్రానికి వంగి నమస్కారం పెడుతున్న జీడిమామిడి చెట్టుని కూడా రాశాను. అక్కడ అలాంటి చెట్టే లేదు. నా రిపోర్టు నమ్మి ఆయన సంతకం పెట్టారు. దానికే మొదటి స్థానం వచ్చింది.

బాపట్లలో సభ. మైదానం యజమాని పట్టుపంచె కట్టుకుని, శాలువా కోసం మెడ కాస్త వంచి నిలబడ్డాడు. జయరావు గారు మైకు అందుకున్నారు. ఆయన ప్యాంటు అంచుల నిండా బురద.

"క్షమించండి. పొద్దున్నే వెళ్లి నడిచి చూశానండి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నీళ్లు నిలిచే ఉన్నాయి. నడవకుండా సంతకం పెట్టింది నేను. ఈ గౌరవం ఇవ్వలేనండి. ఈ సంఘంలో నేనూ ఉండలేను."

శాలువా మడిచి బల్ల మీద పెట్టేశారు. చప్పట్లకి లేచిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. యజమాని వంచిన మెడ ఎత్తడం మరిచిపోయాడు. ఇప్పుడు నా పేరొస్తుంది, ఉద్యోగం పోతుంది అని కుర్చీ పట్టుకుని కూర్చున్నాను. నా పేరు రాలేదు. లేచి నేనే చెప్పాల్సింది. లేవలేదు.

బస్టాండులో రేపల్లె బస్సెక్కబోతుంటే ఆయన్ని పట్టుకున్నాను.

"నా పేరు చెప్పలేదేంటి సార్?"

"నువ్వే చెబుతావేమోనని కాసేపు ఆగానురా."

మెట్టెక్కి వెనక్కి తిరిగారు.

"బాగా రాశావు. ఆ చెట్టు కోసం గంట వెతికాను."

మర్నాడు ఎడిటరుకి నిజం చెప్పాను. ఉద్యోగం పోయింది. రెండేళ్లకి పత్రికవాళ్లు నన్ను మళ్లీ పిలిచారు. జయరావు గారు మాత్రం ఎంత పిలిచినా రాలేదు. ఇప్పుడసలు లేరు.

కోతలు మానలేదు నేను. పెళ్లిళ్లలో, రైళ్లలో ఇప్పటికీ కోస్తూనే ఉంటాను. కానీ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణుకుతుంది. డాక్టరు మందు రాస్తానన్నాడు. వద్దన్నాను.