రాత్రి జంతువుల ఇంట్లో అవ్వ, బాపు

బొగ్గుగనిని మా కాలనీలో బాయి అంటాం, అమ్మను అవ్వ, నాన్నను బాపు అన్నట్టే. బాపు ఉద్యోగమంతా బాయి లోపలే గడిచింది. ఆ లోపల ఎట్లా ఉంటుందో తెలుసుకోవాలని అవ్వకు ఒకటే కోరిక. ఆమెను దిగనిచ్చేవాళ్లు లేరు కాబట్టి ఆయన నోటితోనే వినాలి. ఆ నోరేమో తిండికి తప్ప తెరుచుకోదు. "ఏముంటదే, బొగ్గుంటది" అనేవాడు. రిటైరయ్యాక కూడా అదే జవాబు. అవ్వ అలిగి మాటలు బంద్ చేసేది. బాపుకది శిక్షో సెలవో నాకిప్పటికీ అనుమానమే.

మొన్న చలికాలంలో ఇద్దరినీ కరీంనగర్‌లో బస్సు మార్పించి పట్నంలోని జూకి తీసుకెళ్లాను. నాకు తిరగడమంటే ఒక పద్ధతి ఉండాలి. ముందు పులులు, తర్వాత పాములు, ఎండెక్కేలోపు పక్షులు. వీళ్లు నా పద్ధతిని గేటు దగ్గరే గంగలో కలిపారు. అవ్వ జింకల దగ్గర కూలబడి లేవనంది. బాపు ఎలుగుబంటి కోసం కట్టిన ఉత్తుత్తి గుట్ట ముందు నిలబడి, ఎలుగును వదిలేసి సిమెంటు పనిని మెచ్చుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఎట్లాగో ఇద్దరినీ లాక్కొని రాత్రిపూట తిరిగే జంతువుల ఇంటికి చేరాను. వాటికి పగలే రాత్రి అనిపించేలా లోపలంతా చీకటి చేసి ఉంచారు. నాలుగడుగులు వేశానో లేదో గోడకు గుద్దుకున్నాను. అవ్వ గట్టిగా నా చున్నీ పట్టుకుంది.

"ఆగుండ్రి" అన్నాడు బాపు. ఇంట్లో ఎన్నడూ వినని గొంతు. "కదలకుండ్రి. కండ్లు మూసుకోండ్రి. నేను జెప్పినంక తెరువుండ్రి. బాయిలకు కొత్తగొచ్చినోళ్లకు ముందుగాల గిదే జెప్పేటోళ్లం."

తెరిచేసరికి అద్దం వెనక కొమ్మ మీద దేవాంగపిల్లి గుడ్లప్పగించి మమ్మల్నే చూస్తోంది. అవ్వ మాత్రం బాపును చూస్తోంది.

"బాయిల గిట్లనే ఉంటదా?"

"గిట్ల ఏడుంటది? ఈడ జర ఎల్తురుంది. ఆడ లైటు ఆరితే నీ చెయ్యి నీకే కానరాదు."

ఇక ఆయన ఆగలేదు. నీళ్ల చప్పుడు, దోస్తుల ఎగతాళి, అన్నీ చెప్పాడు. "అన్నం డబ్బ తెరిస్తే ఎలుకలొచ్చి ముంగట కూసుంటయ్, చుట్టాల లెక్క. తలా ఇన్ని మెతుకులు ఏసేటోళ్లం. అవి ఉరికితే మేం గూడ ఉరుకుడే. కప్పు కూలేది వాటికే ముందు తెలుస్తది. ఒకపారి గట్లనే బతికి బయటవడ్డ."

అవ్వ నా చున్నీని ఇంకా గట్టిగా గుంజింది.

"గిదంతా నాకెందుకు జెప్పలే?"

"జెప్తే తెల్లారి డ్యూటీకి పోనిస్తుంటివా?"

"డబ్బల పిడికెడు ఎక్కువ పెట్టుమని రోజూ నా పానం తీస్తివి. నా వంట నచ్చిందని మురిసిన గదయ్యా!"

బాపు నవ్వాడు. అవ్వకూ నవ్వొచ్చింది, కళ్లు మాత్రం నిండిపోయాయి. నా చున్నీ వదిలి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఎలుకలకని జెప్తే ఇంకో పిడికెడు పెట్టకపోదునా?"