సీతామహాలక్ష్మి తప్పిన పరీక్ష

ఎర్రమంజిల్లో కాలువల నక్షలు తయారుచేసే సర్కారీ ఆఫీసు ఒకటుంది. సీతామహాలక్ష్మి అందులో ట్రేసరు. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిచ్చిన నక్ష మీద పల్చటి కాగితం పరిచి, ఉన్నది ఉన్నట్టు ఇంకుతో ఎక్కించడం ఆవిడ పని. ఇరవై నాలుగేళ్ళుగా అదే పని. కిటికీ పక్కన అదే బల్ల.

ఆ పనిలోకి ఆవిడను తెచ్చింది పిన్ని జానకీదేవి. బెజవాడలో పిన్ని పనిచేసిన ఆఫీసులో ఆవిడ తప్ప మరో ఆడమనిషి ఉండేది కాదు. వేసవి సెలవులకు వెళ్ళినప్పుడు సీత ఆవిడ వేళ్ళ కొసలకంటిన నల్ల ఇంకు చూసి, గోరింటాకు కన్నా అదే బాగుందనుకునేది. పిన్ని పెళ్ళి చేసుకోలేదు. తమ్ముళ్ళని చదివించింది. ఇంట్లో ఏ పిల్ల పరీక్ష తప్పినా పెద్దవాళ్ళు ఒకటే మాట అనేవాళ్ళు, జానకిని చూసి నేర్చుకోమని. జానకి దేంట్లోనూ తప్పలేదని వాళ్ళ నమ్మకం. సీత కూడా అలాగే నమ్మింది. నమ్మి, పిన్ని నడిచిన దారినే నడిచింది.

రిటైరయ్యాక జానకీదేవి సనత్‌నగర్‌లో ఒక గది తీసుకుని ఉంటోంది. పంజాగుట్టలో సీత వాళ్ళింటికి ఆదివారం ఆదివారం బస్సులో వస్తుంది. ఉండిపొమ్మంటే ఉండదు.

తొంభై తొమ్మిదిలో ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చాయి. నక్షలన్నీ ఇక వాటిమీదే గీయాలన్నారు. ట్రేసర్లు మూడు నెలల్లో నేర్చుకుని పరీక్ష రాయాలి. నెగ్గినవాళ్ళు నక్షల విభాగంలో ఉంటారు. తప్పినవాళ్ళు తపాలా సెక్షనుకి వెళ్ళి కవర్లకి స్టాంపులు అంటించుకోవాలి. మూడు నెలలకొకసారి మళ్ళీ పరీక్ష ఉంటుంది. ఎన్నిసార్లు పెడతారన్నది మాత్రం కాగితంలో లేదు.

సీతకి నలభై ఆరేళ్ళు. గీత గీయడం తప్ప ఇంకో పని తనదని ఎన్నడూ అనుకోలేదు.

అమీర్‌పేటలో మూడో అంతస్తులో ఉన్న ఒక శిక్షణ సంస్థలో పొద్దున్న ఆరుగంటల బ్యాచ్‌లో చేరింది. మెట్ల నిండా జావా, ఒరాకిల్ అని రాసిన కాగితాలు. ఒకదాని మీద ఒకటి అంటించి గోడే మందమైపోయింది. బ్యాచ్‌లో అందరూ ఆవిడ కూతురి వయసు వాళ్ళే. పాఠం చెప్పే అనుపమకి ఇరవై నాలుగేళ్ళుంటాయి. మూడోరోజు ఆ పిల్ల వెనక వచ్చి నిలబడి కాసేపు చూసింది.

"మేడమ్, సిస్టమ్ హ్యాంగయిందా? గీత గీతకి ఎందుకు ఆగుతున్నరు?"

సీత తన చెయ్యి చూసుకుంది. మౌస్ మీంచి లేచి గాలిలో ఉంది. గీత గీయగానే చెయ్యెత్తి, ఇంకు ఆరిందాకా ఆగుతోంది. ఇరవై నాలుగేళ్ళలో తడిగీత మీద చెయ్యి పడి నక్ష పాడైన రోజు ఆవిడకి లేదు.

"ఆరాలిగా అమ్మా," అని, తర్వాత తనే నవ్వింది. బ్యాచంతా నవ్వింది. ఆ మాట ఎలా చేరిందో ఆఫీసుకి కూడా చేరింది. తోటి ట్రేసరు వీర్రాజు మధ్యాహ్నం క్యారియర్ విప్పుతూ, సీతగారూ, టీవీ చూసేటప్పుడు కూడా బొమ్మ ఆరాకే చూస్తారా అండీ అని అడిగాడు.

చెయ్యి మాత్రం వినలేదు. పరీక్షనాడు రెండు గంటల్లో ఒక కాలువ అడ్డకోత, అంటే కాలువని అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం, గీయాలి. ఆవిడ గీసిన గీతల్లో వంక పెట్టడానికేం లేదు. కొలతలు వేయడం సగంలో ఉండగా గంట కొట్టారు.

గురువారం హెడ్డు కామరాజుగారు ఆవిడను పక్కకి పిలిచారు. మంచిమనిషి. గొంతు తగ్గించి, పోయిందమ్మా అన్నారు. సోమవారం జాబితా అంటిస్తారట. ఆలోగా, పరీక్షనాడు ఒంట్లో బాగాలేదని డాక్టరు కాగితం తెచ్చిస్తే పరీక్ష రాయనట్టే రాస్తారట. బల్ల కూడా ఉంటుంది. వీర్రాజు కూడా తప్పాడు, అప్పుడే కాగితం తెచ్చిచ్చేశాడు.

ఆవిడ ఆ సాయంత్రమే బేగంపేటలో తెలిసిన డాక్టరు దగ్గరికి వెళ్ళి కాగితం తెచ్చుకుంది. అందులో జ్వరమని ఉంది. ఇంటికొచ్చాక, భర్త చలపతిరావు ఫలితాలేమయ్యాయని అడిగాడు.

"ఇంకా రాలేదు."

ఆయన సరేనని పేపరు తిప్పాడు. శుక్రవారం పక్కింటావిడ అడిగింది. అప్పుడూ అదే చెప్పింది. ఒకసారి అన్నాక రెండోసారి అనడం సులువుగా ఉంది. శనివారం ఎవరూ అడక్కపోయినా తనే ఇంకా రాలేదని చెప్పింది.

ఆదివారం పిన్ని వచ్చింది. వంటింటి గడప దగ్గర చాప వేసుకుని, చిక్కుడుకాయలు ముందేసుకుంది. సీత పొయ్యి దగ్గర ఉంది. కూతురు రాగసుధ అమ్మమ్మ పక్కన కూచుని ఈనెలు తీస్తోంది. ఇంజనీరింగు రెండో ఏడు. నాలుగు రోజులుగా ఆ పిల్ల సరిగా తినడం లేదు. ఎండలేమో అనుకుంది సీత.

పరీక్ష సంగతి పిన్ని ఎలాగూ అడుగుతుందని ఆవిడకి తెలుసు. అడిగింది.

"ఇంకా రాలేదు పిన్నీ," అంది సీత, కూర కలుపుతూ, వెనక్కి తిరగకుండా.

పిన్ని ఊఁ అంది. ఇంకో కాయ తీసుకుంది. కాసేపటికి, నీవేమయ్యాయే అని రాగసుధని అడిగింది.

"ఇంకా రాలేదు అమ్మమ్మా."

సీత చేతిలో గరిటె ఆగింది. మాట తనదే. విరుపూ తనదే. రాలేదు అనే ముందు ఒక్క క్షణం తల దించి, చేతిలో పని చూసుకోవడం కూడా తనదే. వెనక్కి తిరిగి చూస్తే రాగసుధ కాయ మీదకి వంగి ఉంది. ఆ పిల్ల కాలేజీ ఫలితాలు బుధవారమే పేపర్లో పడ్డాయని ఇప్పుడు గుర్తొచ్చింది. వీధిచివర వాళ్ళబ్బాయి నెగ్గాడని స్వీట్లు కూడా వచ్చాయి. తన గొడవలో తను పడి ఆ డబ్బా మూత కూడా తీయలేదు సీత.

పొయ్యి ఆపింది. కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి చాప మీద కూచుంది.

"నాది వచ్చింది పిన్నీ. గురువారమే తెలిసింది. తప్పాను."

వీధిలో ప్లాస్టిక్ సామాన్ల బండి వెళుతోంది. బండివాడి కేక దూరమయ్యేదాకా రాగసుధ ఈనె తీసిన కాయనే మళ్ళీ మళ్ళీ సవరిస్తూ ఉంది.

"నాదీ వచ్చిందమ్మా," అంది చివరికి. "లెక్కలు పోయింది."

జానకీదేవి ఇద్దరినీ చూసింది. చిక్కుడుకాయల పళ్ళెం కాస్త అవతలికి జరిపింది.

"నేను రెండుసార్లు తప్పాను. మీరిద్దరూ కలిస్తే నాతో సమానం."

సీతకి వెంటనే అర్థం కాలేదు. జానకీదేవి మామూలుగానే చెప్పుకుపోయింది. ట్రేసరు పరీక్ష రెండుసార్లు పోయింది. మొదటిసారి అక్షరాలు వంకర. రెండోసారి ఇంకుబుడ్డి దొర్లింది. మూడోసారి నెగ్గాక ఇంట్లో అందరికీ అదే మొదటిసారని చెప్పారు వాళ్ళమ్మ. అప్పట్నుంచి అలాగే ఉండిపోయింది.

"నువ్వెందుకు చెప్పలేదు పిన్నీ? నిన్ను చూసే కదా మేమంతా..."

"బాగుందనిపించింది. అందరూ జానకిని చూడండి అంటుంటే వినడానికి బాగుంటుంది కదా." కొంచెం ఆగి, "ఇప్పుడు చూస్తే బాగోలేదు," అంది. తర్వాత కూర మాడిందేమో చూడమంది.

కూర మాడలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇద్దరూ చలపతిరావుకి చెప్పారు. ఆయన పేపరు పక్కన పెట్టి, నాలుగు రోజులుగా ఈ ఇంట్లో నిజంగా వచ్చిందేదో, రానిదేదో తనకి తెలియలేదని అన్నాడు. కోపం ఉంది. చారు మాత్రం రెండోసారి వేయించుకున్నాడు.

సోమవారం సీత డాక్టరు కాగితం ఇంట్లోనే వదిలి వెళ్ళింది. తెల్లకాగితం మీద, పరీక్షలో తప్పినందువల్ల వచ్చేసారి మళ్ళీ రాయడానికి అనుమతి కోరుతున్నానని రాసి కామరాజుగారికి ఇచ్చింది. ఆయన కళ్ళజోడు తీసి, ఇలా రాస్తే ఫైల్లో ఉండిపోతుందమ్మా అన్నారు. ఉండనివ్వండి అంది. ఆయన సంతకం చేశారు. పన్నెండు గంటలకి జాబితా అంటించారు. తప్పినవాళ్ళ వరసలో ఒక్కటే పేరు. రెండింటికల్లా కిటికీ పక్క బల్ల ఇంకొకరికి ఇచ్చేశారు. ఆవిడ తన పెన్నులు, స్కేళ్ళు సంచిలో వేసుకుని కిందికి దిగింది.

తపాలా సెక్షన్‌లో కిటికీ లేదు. వీర్రాజు రోజుకొకసారి ఏదో కవరు పట్టుకుని వచ్చేవాడు. స్టాంపు ఆరిందాండీ, పట్టుకెళ్ళనా అనేవాడు. ఆవిడ తడిగానే ఇచ్చేది.

పొద్దున్న ఆరింటికి అమీర్‌పేట వెళ్ళడం మానలేదు. రాగసుధ కూడా వెంట వచ్చేది. వెనక ఖాళీ కుర్చీలో కూచుని లెక్కలు చేసుకునేది. అనుపమ వద్దనలేదు. సీత అలవాటు మాన్పించడానికీ చూడలేదు. ఆగితే ఆగుండ్రి మేడమ్, ఆగినప్పుడల్లా జర సేవ్ కొట్టుండ్రి అంది. అలా పని పెట్టాక చెయ్యి గాలిలోకి లేవడం తగ్గింది. రెండో నెలకి, ఆగుతోందా లేదా అని ఆవిడే గమనించడం మానేసింది.

రెండోసారి పరీక్షలో సీత నెగ్గింది. గంట కొట్టడానికి ఇంకా ఏడు నిమిషాలుండగానే నక్ష పూర్తయింది. వీర్రాజు ఈసారి డాక్టరు కాగితం తేలేకపోయాడు. రాశాడు, తప్పాడు.

కంప్యూటర్ల గది చల్లగా ఉంది. కిటికీలకి నల్లతెరలు. పాత బల్ల మళ్ళీ రాదని ఆవిడకి తెలుసు. మొదటిరోజు మధ్యాహ్నం క్యారియర్ తెరుస్తుంటే వీర్రాజు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో కవరేం లేదు. ఎగతాళి ఏదో మొదలుపెట్టబోయి మానేశాడు.

"ఆ నేర్పే చోటు ఎక్కడండీ?"

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందు, మూడో అంతస్తు అని చెప్పింది. తనకింకా మూడు వారాల కోర్సు మిగిలి ఉందని, రేపు ఆరింటికి వస్తే అనుపమకి పరిచయం చేస్తానని చెప్పింది. అతను తలుపు చెక్క గీకుతూ నిలబడ్డాడు.

"ఇంట్లో ఇంకా రాలేదని చెప్పానండీ."

"రాత్రికి చెప్పేసి, పొద్దున్న రండి," అంది సీత.

అతను వెళ్ళిపోయాడు. వస్తాడనుకోలేదు ఆవిడ.

మర్నాడు ఆరింటికి పది నిమిషాలుండగా తల్లీకూతుళ్ళు సందు మలుపు తిరిగారు. ఇడ్లీ బండి దగ్గర అప్పుడే ఆవిరి లేస్తోంది. మెట్ల కింద వీర్రాజు కొత్త నోట్‌బుక్కు చంకలో పెట్టుకుని, తల తడి ఇంకా ఆరకుండానే వచ్చి నిలబడి ఉన్నాడు.

"చెప్పారా?" అంది సీత.

"మా ఆవిడే లేపి పంపిందండీ," అన్నాడు.

ముగ్గురూ మెట్లెక్కారు.